ఓస్వాల్దో కారుకు వేడి చేసింది
మా మతాంజాస్ ఊళ్లో షేర్ టాక్సీ నడిపేవాళ్లెవరూ దారిలో ఇంజన్ ఆపరు. తాతల నాటి అమెరికా కార్లాయె, ఆపితే మళ్లీ లేస్తాయన్న నమ్మకం ఎవరికుంది? ఓస్వాల్దో ఒక్కడే మా ఇంటి ముందుకు రాగానే ఆపేసేవాడు. నేను మా కిటికీలోంచి కాఫీ అమ్ముతాను. ఆ రొదలో తాగితే రుచి తెలియదని అతని వాదన.

కాఫీ అయ్యేది, కారు కదిలేది కాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే లేచే బండి, ఒళ్లు వేడెక్కాక ఆపితే మొండికేసేది.

"నిల్దా, కాస్త తడిగుడ్డ ఇస్తావూ?"

"నిన్నటిది ఏం చేశావ్?"

"ఎండిపోయింది."

"నీ మొహంలాగే. ఇంద."

తడిగుడ్డ పెట్రోలు లాగే పంపు మీద కప్పి, నా బట్టల క్లిప్పులు పెట్రోలు గొట్టానికి వరసగా తగిలించేవాడు. క్లిప్పులు వేడిని లాగేస్తాయని ఇక్కడి డ్రైవర్లందరి నమ్మకం. లాగాయో లేదో గాని, నా దుప్పట్లు మాత్రం గాలికెగిరి పక్కింటి మేడ మీద పడేవి. ప్రయాణికులు తిట్టుకుంటూ వేరే కారెక్కేవారు. ఇంజన్ చల్లారేదాకా అతను నా గడప మీద కూర్చునేవాడు. బేస్‌బాల్ గురించీ, పోయిన భార్య గురించీ, బియ్యం ధర గురించీ మాట్లాడేవాడు. నేను అన్నిటికీ అడ్డుచెప్పేదాన్ని. మా ఆయన పోయాక నాతో అంత ఓపికగా పోట్లాడిన మనిషి లేడు.

బేరాలు తగ్గిపోతున్నాయని అతను దిగులుపడుతుంటే చూడలేక, నేనే మా మరిది ఎఫ్రాయిన్‌ను పిలిపించాను. మెకానిక్కు.

"దీనికి వేడి చేసింది వదినా, అంతే! ఈ గొట్టం పోయి పొగగొట్టాన్ని వాటేసుకుంది. లోపల పెట్రోలంతా ఆవిరైపోతే పంపు ఏం లాగుతుంది, గాలినా?"

గొట్టాన్ని దూరంగా వంచి కట్టాడు. ఇంజన్ వేడి తగలకుండా కార్బురేటరు కింద చెక్కముక్క చెక్కి బిగించాడు.

మర్నాడు కాఫీ కాగానే కారు ఒక్క తిప్పుకే లేచింది. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఓస్వాల్దో హారన్ మోగించి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా అంతే. కాఫీ ఒక్క గుక్కలో మింగి, "లోపల జనం ఉన్నారు నిల్దా" అంటూ పోయేవాడు. ఉండడానికి అతనికి సాకు లేదు, ఉండమనడానికి నాకూ లేదు. చేజేతులా చేసుకున్నాను. మరిది మీద కోపం వచ్చింది, బాగుపడిన కారు మీద వచ్చింది, ఆ మనిషి మీద మరీ వచ్చింది. ఖాళీ గడప చూడబుద్ధి కాలేదు. నాకు అతను కావాలి. ఆ మాట దాచుకునే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది.

శనివారం కారు ఆగింది. కాఫీ ఇవ్వలేదు. వీధిలోకి నడిచి, కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి, తాళంచెవి లాక్కుని గౌను జేబులో వేసుకున్నాను.

"అయ్యో, మళ్లీ చెడిందా?" వెనక సీట్లోని ముసలమ్మ అడిగింది.

"చెడింది," అన్నాను ఓస్వాల్దో కళ్లలోకి చూస్తూ. "గంట పడుతుంది. రోజూ పడుతుంది. ఇతనికి ఇష్టమైతే బతికినన్నాళ్లూ పడుతుంది."

ముసలమ్మ, "తలుపు తియ్యండ్రా, నాకూ కాఫీ కావాలి," అంటూ దిగింది. ఆమె వెనకే అందరూ దిగారు.

ఓస్వాల్దో చిట్టచివర దిగాడు. జనం చూస్తున్నారని కాబోలు, బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికి తొంగిచూశాడు.

"అవును, బాగా వేడెక్కింది," అన్నాడు.

బానెట్ మూయడం కూడా మరిచిపోయి, వచ్చి నా గడప మీద కూర్చున్నాడు.