పదిహేడో రోజు పోయిన కరెంటు

సూర్యావతి పెనిమిటి భాస్కరరావుగారు ముప్ఫయ్యేళ్లు లైన్‌మన్‌గా చేసేరు. రాజోలు చుట్టుపక్కల ఆయన ఎక్కని కరెంటు స్తంభం లేదు. గాలివానొస్తే ఊరంతా ఆయనకే ఫోన్లు. అందరికీ ఒకటే మాట చెప్పేవారు, అరగంటలో వచ్చేస్తుందండీ అని. ఒక్కోసారి అది రెండ్రోజులకొచ్చేది. ఎందుకండీ అబద్ధాలు అని సూర్యావతి అడిగితే, నిజం చెప్తే జనం నిద్రపోతారా అనేవారు.

రిటైరయ్యేక చేతులూరుకోక కౌజు పిట్టలు పెట్టేరు. అమ్మింది గుప్పెడు, ఊళ్లో పంచింది గంపెడు. ఈ పెంపుడు కౌజుకి గుడ్డు పెట్టడమే తెలుసు, పొదగడం ఏనాడో మరిచిపోయింది మహాతల్లి. అంచేత థర్మాకోల్ పెట్టెలో రెండు బల్బులు తగిలించి ఆయనే పొదిగించేవారు. బూడిద పిట్టల్లోంచి ఏరి, జతలు కట్టి, నాలుగేళ్లకి తేనెరంగు వన్నె తెప్పించేరు. పెళ్లికూతుర్ని చూపించినట్టు ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించేవారు.

ఈసారి గుడ్లు పెట్టెలో పెట్టిన నాలుగోనాడు ముంగిస గూట్లో దూరి ఒక్క పిట్టనీ మిగల్చలేదు. ఇక ఆ వన్నెకి మిగిలింది పెట్టెలో ఉన్న తొంభై గుడ్లే.

పదిహేడో రోజు తెల్లారేసరికి గుడ్లలోంచి కిచకిచలు మొదలయ్యేయి. బయటికి రాకముందే ఒకదాన్నొకటి పిలుచుకుంటాయవి. సూర్యావతి చెవి పెట్టి విని మురిసిపోయింది. అప్పుడే గాలి రేగింది, కరెంటు పోయింది. ఇన్వర్టర్ పదింటికల్లా చేతులెత్తేసింది.

ఆయన సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసేరు. అవతల ఎవరో కొత్త కుర్రాడు.

"అరగంటలో వచ్చేస్తుందండీ."

సూర్యావతికి నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది.

ఉండబట్టలేక ఆయన గొడుగేసుకుని రోడ్డుదాకా వెళ్లేరు. వెనకాలే ఆవిడా వెళ్లింది. కొబ్బరిచెట్టు తీగల మీద పడి మూడు స్తంభాలు ఒరిగిపోయి ఉన్నాయి. ఆయన తలెత్తి చూస్తూ నుంచున్నారు. కుడిచెయ్యి నడుం దగ్గరికి, ఒకప్పుడు కటింగ్ ప్లేయర్ వేలాడిన చోటికి వెళ్లి, అక్కడేం లేక ఊరుకుంది. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ కట్టాలో అంతా తెలుసు. మోకాళ్లు మెట్లే ఎక్కనివ్వవు.

ఇంటికొచ్చి సీసాల్లో వేడినీళ్లు పోసి పెట్టెలో పెట్టేరు. మూత తీస్తే లోపలి చెమ్మ పోయి, పెంకు లోపలి పొర ఎండి పిల్లకి బిగుసుకుపోతుంది. చల్లారిన సీసాలు మార్చడానికి తియ్యకపోతే చలి. తీసిన ప్రతిసారీ ఆయన ఊపిరి బిగబట్టేవారు, అక్కడికేదో ఆయన ఊపిరే చెమ్మ పట్టుకెళ్లిపోతున్నట్టు.

సూర్యావతి పక్కింటి కనకమ్మగారింట్లో పొదగడానికి కూచున్న కోడిపెట్టని అడిగి తెచ్చింది. బుట్టలో గడ్డి వేసి, పది గుడ్లు దాని కింద పెట్టింది. పెట్ట ఒక్క నిమిషం కూచుంది. కిందనుంచి తనకి తెలీని భాషలో కిచకిచలు వినపడేసరికి మెడ వంచి చూసి, లేచి అటక మీదికి పోయింది. దాని తప్పేముంది పాపం. ఆ పది గుడ్లనీ సూర్యావతి పాత నేతచీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నలుగురు పిల్లల్ని సాకిన ఒళ్లు, ఆ కాస్త వేడికి చాల్లేదు.

మధ్యాహ్నానికి పెట్టెలో కిచకిచలు పలచబడ్డాయి. పగిలిన పెంకుల్లోంచి ముక్కులు కనిపిస్తున్నాయి గానీ కదలడం లేదు. ఒకటి సగం బయటికొచ్చి, తుమ్మెదంత ఒళ్లు వాల్చేసింది. చెయ్యి వేసి లాగుదామంటే ఆయన వద్దన్నారు, లాగితే నెత్తురొస్తుందని.

సాయంత్రం కనకమ్మగారు పెట్టని పట్టుకెళ్దామని వచ్చింది. వస్తూనే గుమ్మంలోంచి అలవాటుగా అడిగేసింది.

"కరెంటు ఎప్పుడొస్తుందంటారు, అన్నయ్యగారూ?"

సూర్యావతి ఆయన వైపు చూసింది. ఈ ఒక్కపూటకీ ఆ పాత అబద్ధం చెప్తే బాగుండునని ఆవిడ మనసులో ఉంది. కనకమ్మగారి కోసం కాదు.

"ఇవాళ రాదమ్మా," అన్నారాయన. "రేపటి సంగతీ చెప్పలేను. చీకటి పడకుండా వంట కానిచ్చుకో."

కనకమ్మగారు పెట్టని చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. సూర్యావతి ఒళ్లోని మూట చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్కటి, లోపల్నుంచి, మెల్లిగా టిక్కుమంటోంది. జవాబిచ్చే తోడు లేక ఆగి ఆగి పిలుస్తోంది.

ఆయనకి చెప్పలేదు. లేచి, ఒంటిచేత్తో మళ్లీ నీళ్లు పొయ్యి మీద పెట్టింది.