మొలత్రాటి పతకము

శరత్కాలమేఘములు దూదిపింజలవలె తేలిపోవుచుండ లేయెండ వరివెన్నులపై పసిడిపూత పూయుచుండ మంచు తడిసిన గడ్డిపరకలను త్రొక్కుచు పదునాలుగేండ్ల నీలవేణి దినచర్యపుస్తకమును గుండెకు హత్తుకొని వీధివెంట నడచుచుండెను. ఎవ్వరైన పలుకరించినంతనే తలవంచుకొను నా బాలిక యానాడు ఇల్లిల్లు తిరుగబూనుటకు గొప్ప కారణమే కలదు.

మరునాడు ఊరిచావడి ముందర, సేనలో పనిచేసిన గ్రామస్థుల పేర్లను శిలాస్తంభమున చెక్కింపనుండిరి. కీర్తిశేషుడైన తన తాత సూరినాయుని పేరు ప్రక్కన శౌర్యపతకగ్రహీత యను మాట యుండవలెనని నీలవేణి సైన్యకార్యాలయమునకు జాబు వ్రాసి, బర్మాయుద్ధమున గుండ్లవర్షములో కంచరగాడిదను నడిపి గాయపడిన యిరువురను ఏరు దాటించిన సూరినాయుడను వాని వృత్తాంతమును సైనికసంఖ్యతో సహా తెప్పించెను. అయినను స్తంభమునకు పెత్తనము వహించిన గంగయ్యనాయుడు ఆ యుత్తరమును చూచి నవ్వెను.

"దేశంలో సూరినాయుళ్లకి కరువా అమ్మా? మీ తాత గాడిదలు కాశాడనే మా నాన్న చెప్పేవాడు. పతకం అంచు మీద నంబరుంటుందిగా, పట్టుకురా. రెండూ కలిస్తే చెక్కిద్దాం."

పతకమో యింట లేదు. నాయనమ్మ మంగాయమ్మ బోసినోట నవ్వెను.

"ధైర్యస్తుడి బిళ్ల అని, పసివాళ్లు జడుసుకుంటే మొలతాడుకి కట్టేవాళ్లమే. ఊరంతా పట్టుకెళ్లేవారు. ఆఖర్న ఎవరికిచ్చానో గుర్తులేదు. ఏ ఇంట్లో పిల్లాడు ఏడవడో ఆ ఇంట్లో వెతుకు!"

నీలవేణి తొలివాకిట మంచినీళ్లు మాత్రమే యడిగి త్రాగి మరలెను. రెండవమా రడుగగా ఆ యింటి ముదుసలి, పూర్వము కుమ్మరివీధి కిచ్చితిమనెను. కుమ్మరులు చాకలివీధి చూపిరి. చాకలివీధి యవ్వ చేయి చాచి చూపిన యిల్లు సాక్షాత్తు గంగయ్యనాయునిదే!

అచ్చట అరుగుపై అభ్యంగనస్నాతుడైన పసిబాలుడు తాత యొడిలో కాళ్లు తన్నుకొనుచు కేరింతలు కొట్టుచుండెను. వాని నల్లని మొలత్రాటికి గుండ్రని వెండిబిళ్ల యొకటి వ్రేలాడుచుండెను.

"ఏమ్మా, దొరికిందా?" అని గంగయ్యనాయుడు మేలమాడెను.

ఆమె పసివాని వైపు వ్రేలు చూపెను.

"వీడా? వీడు నా మనవడమ్మా, మీ తాత కాదు!"

"వాడి మొలకి... పెదనాన్నగారూ, ఈ ఉత్తరం మీరు పట్టుకోండి. బిళ్ల మీద నంబరు నేను చదువుతాను." అని పుస్తకమునుండి యుత్తరము తీసి యిచ్చి పసివాని చెంతకు వంగెను.

ఏనాడును వినబడని యా కంఠము వీధియంతయు వినబడునట్లు అంచుపై సంఖ్యను ఒక్కొక్క అంకెగా చదివెను. పిదప పేరు చదివెను. ఉత్తరమున ఒక్క అంకెయు తప్పలేదు.

లోపలినుండి గంగయ్యనాయుని యిల్లాలు తొంగిచూచెను. "ఆ బిళ్లా? పసితనంలో పిల్లి అరిస్తే మీరు గుక్కపట్టేవారట. అత్తయ్యగారు తెచ్చి కట్టారు. తిరిగివ్వడం మరిచిపోయారు!"

గంగయ్యనాయుడు మీసము తడుముకొనెను. "చెక్కిస్తానమ్మా. పెద్దక్షరాల్లో చెక్కిస్తాను. ఇదిగో, నీ పతకం తీసుకో."

ముడి విప్పగానే బాలుడు మిన్నుముట్ట నేడ్చెను. నీలవేణి నవ్వి మరల తానే కట్టి, వీనికి పండ్లు వచ్చినపిమ్మట ఇండని పలికి, తలయెత్తుకొని ఇల్లు చేరెను. ఆ సాయంసంధ్యయందే దినచర్యలో నిట్లు వ్రాసికొనెను: మూడుతరముల పసిబొజ్జల రాపిడికి బిళ్లమీది ఆంగ్లేయరాజుగారి ముఖము అరిగి నున్ననైనది, అంచుమీద గాడిదలు తోలినవాని పేరు మాత్రము చెక్కుచెదరలేదు.