కట్టు మార్చేటప్పటి కథ

మా పిల్లల వార్డులో కాలిన గాయాలకు కట్లు మార్చే గది ఓ మూలకి ఉంటుంది. ఎత్తు బల్ల, స్టీలు ట్రేలు, దూది, ఓ స్టూలు, అంతే. ఆ గదిలో మా సీనియర్ నర్సు పెద్దక్క కథలు చెబుతూ కట్లు మారుస్తుంది. నేను నోరు మూసుకుని మారుస్తాను. ఆవిడ చేతిలో పిల్లలు "తర్వాతేమైంది?" అని అడుగుతారు. నా చేతిలో "అమ్మా" అని అరుస్తారు.

నాకు కథలు రావు. రావని సిగ్గు కూడా ఉండేది కాదు. "నేను నర్సింగు నేర్చుకున్నానక్కా, నాటకాలు నేర్చుకోలేదు" అని ఆవిడ ముఖం మీదే అన్నదాన్ని. నా నోటి దురుసు వార్డంతా ఎరిగిందే కాబట్టి పెద్దక్క నవ్వి ఊరుకుంది. కానీ నెలాఖరుకి ఆవిడ రిటైరవుతోందని తెలిసినప్పుడు నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే అప్పటికి బుడంకాయ మా వార్డులో ఉంది.

బుడంకాయ అంటే ఐదేళ్ళ పిల్ల. ఆ పేరు పెట్టింది పెద్దక్కే. పొయ్యి మీది వేణ్ణీళ్ళ గిన్నెను మీదికి లాక్కుని తొడ నుంచి మోకాలి కింద దాకా కాల్చుకుంది. నొప్పి మందు ముందే ఇస్తాం గానీ అది సగం పనే చేస్తుంది. మిగతా సగం పెద్దక్క చెయ్యాల్సిందే. వేరే ఎవరు ముట్టుకున్నా పిల్ల కాలు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, నీలుక్కుపోయేది. డాక్టరుగారు తేల్చి చెప్పేశారు: మెలకువగా ఉండగా కట్టు మార్చనివ్వకపోతే మార్చిన ప్రతిసారీ మత్తివ్వాలి, మత్తిచ్చే ప్రతిసారీ పొద్దుటి నుంచి పస్తుంచాలి. అసలే ఆ పిల్ల పుల్లలా అయిపోయింది. ఆ మాట విని వాళ్ళమ్మ వరండాలో గోడకి చేరగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

ఇక నా బింకం పక్కన పెట్టక తప్పలేదు. "అక్కా, బుడంకాయకి మీరు చెప్పే ఆ ఏనుగు కథ నాకూ నేర్పండి" అన్నాను.

"నాటకాలు వద్దన్నావుగా?"

"దెప్పడం తర్వాత దెప్పుదురు గానీ. ముందు నేర్పండి."

కథ చిన్నదే. ఒక ఏనుగుకి చలేసి చొక్కా కుట్టించుకుందామని దర్జీ దగ్గరికి వెళుతుంది. దర్జీ ఒక చీమ. చీమ టేపు పట్టుకుని ఏనుగు మీదికెక్కి కొలతలు తీయడం మొదలుపెడుతుంది. కట్టు పొర పొరగా విప్పుతున్నంత సేపూ కొలతలే. అడుగు పొర పుండుకి అతుక్కుని ఉంటుంది. సెలైన్‌తో తడిపి దాన్ని తీసేటప్పటికి ఏనుగు పొట్ట దగ్గర టేపు అయిపోవాలి.

"నొప్పి ఎక్కడో అక్కడ కథలో ప్రశ్న పెట్టు. అదొకటి. ఇంకోటి, పిల్ల ఊ కొడుతుంటే చెయ్యి నడవనీ. ఊ ఆగిందా, చెయ్యి ఆపు, కథ ఆపకు" అంది పెద్దక్క.

ఇంతేనా అనుకున్నాను. బస్సులో, వంటింట్లో, బట్టలారేస్తూ కథని బట్టీ పట్టాను. మా ఆయనకి చెప్పి చూస్తే రెండో మాటకే గురక పెట్టాడు. మంచి శకునమే అనుకున్నాను.

తీరా బల్ల దగ్గర నిలబడి మొదలుపెట్టాక నా కథ రైలుబండిలా పరిగెత్తింది. ఏనుగు వచ్చింది, చీమ వచ్చింది, టేపు వచ్చింది. ఎక్కడా ఒక్క ముక్క తప్పు పోలేదు. బుడంకాయ ఊ కొట్టడం ఎప్పుడు మానేసిందో కూడా నేను చూసుకోలేదు. ఒక్కసారిగా నా చెయ్యి తోసేసి గొల్లుమంది.

"నీ ఏనుగు పాడు ఏనుగు! పెద్దక్క ఏనుగు కావాలి!"

పెద్దక్క వచ్చి ఆ కట్టు పూర్తి చేసింది. బయటికొచ్చాక నాకు ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. "అక్షరం పొల్లుపోకుండా చెప్పాను కదక్కా! ఇంకేం చెయ్యమంటారు?"

"చెప్పలేదే పిల్లా, అప్పజెప్పావు. నీ కళ్ళు కథ మీదున్నాయి. పాప మీద లేవు" అంది.  నా జుట్టు మీద చెయ్యి వేసి, తన డ్యూటీ అయిపోవడంతో వెళ్ళిపోయింది.

ఆ మాట నాకు బాగా నాటింది. నాకు ఆ ఏనుగూ అక్కర్లేదు, చీమా అక్కర్లేదు. ఆ పిల్లని పస్తుంచకుండా ఉంటే చాలు.

పెద్దక్క రిటైరైన మర్నాడు బల్ల మీద బుడంకాయ, ఎదురుగా నేను. తలుపవతల వాళ్ళమ్మ. కట్టు కుదరకపోతే మత్తుకి రాసేస్తానని డాక్టరుగారు ముందే చెప్పి వెళ్ళారు.

"ఏనుగు వద్దు" అంది బుడంకాయ, నేను నోరు తెరవకముందే.

"సరే, చీమ గురించి చెబుతా. దానికివాళ ఒళ్ళు బాలేదు. అయినా పనిలోకొచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"రాకపోతే ఏనుగు ఊరుకుంటుందా?"

"...ఊఁ."

పై పొర విప్పాను. చీమ కాలెక్కింది. ఊఁ. మోకాలెక్కింది. ఊఁ. పిల్ల ముఖం మీంచి చూపు తిప్పకుండా చెబుతున్నాను, అందుకే కాబోలు బట్టీ పట్టిందంతా జారిపోయింది. చీమ ఎక్కడెక్కడికో వెళ్ళింది, ఏనుగు చెవిలో దూరి కాసేపు కునుకు కూడా తీసింది. అతుక్కున్న పొర దగ్గరికొచ్చేసరికి ఊ ఆగింది. నా చెయ్యీ ఆగింది.

"పొట్ట దగ్గర టేపు అయిపోయింది" అన్నాను. ఆ తర్వాత దర్జీ ఏం చేసిందో నాకు గుర్తులేదు. ఎంత తన్నుకున్నా రాలేదు.  "బుడంకాయా, నిజంగా నాకు తెలీట్లేదే. ఏం చేసుంటుంది?"

ఆ పిల్ల నా ముఖంలోకి అదోలా చూసింది. పెద్దవాళ్ళకి తెలియనివి కూడా ఉంటాయా అన్నట్టు.

"వాళ్ళమ్మని పిలిచింది" అంది మెల్లగా.

"ఊఁ."

"వాళ్ళమ్మ దగ్గర కూడా టేపు లేదు. అందుకని చీమలన్నీ వచ్చి చేతులు పట్టుకున్నాయి. చుట్టూ."

"ఊఁ" అన్నాను, తడిసిన పొర అంచు పైకి లేపుతూ. పిల్ల మాట తడబడినచోట ఆగాను. మళ్ళీ మాట అందుకుంటే నేనూ అందుకున్నాను. చీమల్లో ఒకదానికి తుమ్మొచ్చింది, వరస విడిపోయింది, మళ్ళీ మొదట్నుంచీ కొలవాల్సి వచ్చింది. పొర మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చింది. పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. మందు రాశాను, కొత్త కట్టు చుట్టాను, ప్లాస్టరు అంటించాను. ఏనుగుకి గుండీలు ఎక్కడ పెట్టాలో చీమలింకా తగువులాడుకుంటూనే ఉన్నాయి.

"అయిపోయిందమ్మా" అన్నాను.  తలుపు తీస్తే, వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. పిల్ల అరుపు వినబడకపోయేసరికి ఏమైందోనని హడలిపోయిందట.

ట్రే తీసుకుని బయల్దేరబోయాను. ఇంకా ముగ్గురు పిల్లలు నా కోసం ఎదురుచూస్తున్నారు.

"ఎక్కడికి?" అంది బుడంకాయ కోపంగా. కాలి వంక చూడనైనా చూడలేదు. "చొక్కా చేతులింకా కుట్టలేదు. నువ్వెళ్ళిపోతే ఏనుగుకి చలెయ్యదా?"

ట్రే కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.