ధరల పేజీలో పచ్చ పట్టీ

నేను ఒక పట్టీని. గుడ్డతోనో ఇనుముతోనో చేసింది కాదు. వెబ్ పేజీ నెత్తిన అడ్డంగా కనిపించే రంగు పట్టీని. నన్ను తయారుచేసినవాళ్ల భాషలో కాంపోనెంట్‌ని. ఒక్కసారి రాసిపెడితే చాలు, ఏ పేజీ నా పేరు పిలిస్తే ఆ పేజీలో ప్రత్యక్షమవుతాను. ఒక్కచోట నన్ను దిద్దితే, పిలిచిన ప్రతిచోటా మారిపోతాను.

నన్ను రాసింది సత్యవేణి. రేవులోని మత్స్యకారుల సంఘానికి వెబ్‌సైట్ చేస్తున్న చిన్న ఆఫీసులో ఆమె ఉద్యోగం. మేనమామ నూకరాజు అదే రేవులో బోటు నడిపే సరంగు. అందుకే నన్ను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది. నా మధ్యలో ఒక ఖాళీ వదిలింది. వాతావరణ కేంద్రం పంపే మాట వచ్చి అందులో కూర్చుంటుంది. తుఫానంటే ఎర్రబడతాను, ప్రశాంతమంటే పచ్చబడతాను. నాకు సొంత అభిప్రాయాలు లేవు. మనుషులు నన్ను నమ్మింది బహుశా అందుకే.

సంఘం పెద్దలకు చూపించాల్సిన రోజుకి ఆ మాటలు రావడం ఇంకా మొదలుకాలేదు. నేను బోసిగా ఉన్నాను. పక్క సీటులోని కౌశిక్‌కి అది నచ్చలేదు. ఏ మాటా రానప్పుడు కనిపించేలా ఒక వాక్యం పెట్టాడు: 'సముద్రం ప్రశాంతం. వేటకు వెళ్లవచ్చు.' పెద్దలు పచ్చగా మెరుస్తున్న నన్ను మెచ్చుకుని, టీలు తాగి వెళ్లారు. వాక్యం మాత్రం ఉండిపోయింది.

చేపల ధరల పేజీకి నన్ను కాస్త సన్నగా చేయమన్నారు. నన్నే పిలిచి కొలత చెబితే సరిపోయేది. కౌశిక్‌కి తొందర. నా కోడ్ మొత్తం కాపీ చేసి ఆ పేజీలో అతికించేశాడు. అక్కడున్నది నా ముఖమే గాని నేను కాదు. మాటలు సక్రమంగా వస్తున్నంతకాలం నాతోపాటు అదీ రంగులు మార్చింది. తేడా ఎవరికీ తెలియలేదు.

వాయుగుండం బలపడుతున్న రోజు మధ్యాహ్నం, కేంద్రం నుంచి మాట ఆగిపోయింది. నా ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. మరుక్షణం అన్ని పేజీల్లోనూ పచ్చబడి, వేటకు వెళ్లవచ్చన్నాను.

ఆఫీసు కిటికీ అద్దాలు గాలికి దడదడలాడుతున్నాయి. సత్యవేణి కిటికీని చూసింది, తర్వాత నన్ను చూసింది. మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేసింది.

కంగారుపడకు, ఒక్కచోట మారిస్తే చాలుగా అన్నాడు కౌశిక్. ఆమె అప్పటికే ఆ వాక్యాన్ని చెరిపేసి కొత్తది రాస్తోంది: 'సమాచారం అందలేదు. ఎవరూ బయలుదేరవద్దు.' నేను ఎర్రబడ్డాను. మొదటి పేజీలో, బోట్ల పేజీలో, డీజిల్ పేజీలో. అయినా ఆమె మనసు ఆగక మామకు ఫోన్ చేసింది.

"మామా, ఎక్కడున్నావు?"

"బోటు మీదున్నాను. తాళ్లిప్పేస్తన్నాం. నీ పట్టీ ఎల్లమంటన్నాది గదే."

"ఎర్రగా లేదా? పేజీ మళ్లీ తెరువు."

ఫోన్‌లో ఇంజను చప్పుడు. "తెరిసినాను. పచ్చగానే ఉన్నాది. కళ్లు నీకు పోనాయా, నాకా?"

"ఏ పేజీ అది?"

"ధరలది. ఇంకేటి సూత్తాం? రేవులో అందరం అదే సూత్తాం."

సత్యవేణి తల తిప్పింది. "ఆ పేజీలో దాన్ని కాపీ చేసి అతికించాను," అన్నాడు కౌశిక్.

"మామా, అది నేను రాసింది కాదు. బోటు ఆపు. ముందెళ్లినవాళ్లకి హారన్ కొట్టు."

ఫోన్‌లో గాలి హోరు, అలల చప్పుడు. ఆమె ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో ధరల పేజీలోని నకలును తీసిపారేసి, నా పేరు రాసింది. నా ముఖం ఉన్నచోట ఇప్పుడు నేను నిలబడ్డాను, ఎర్రగా.

అప్పుడు వినిపించింది హారన్, ఆపకుండా. వెనకే నూకరాజు కేక: "ఒరే, తిప్పండ్రా ఎనక్కి."

రేవు నుంచి సముద్రంలోకి దారితీసే మొగ దాటబోతున్న బోటు కూడా వెనక్కి వచ్చింది. చీకటి పడేసరికి సముద్రం రేవుగోడ మీదికి ఎక్కింది.

ఇప్పుడు ఏ మాటా రాకపోతే, తెలియదనే చెబుతాను. నూకరాజు మాత్రం బయలుదేరే ముందు మేనకోడలికి ఫోన్ చేసి, "అమ్మీ, ఈయాల అసలుదేనా, నకలుదా?" అని అడుగుతాడు. ఆమె నవ్వదు. నా పాత రూపాలన్నీ దాచిన చోటొకటి ఉంది. ఆ పచ్చ వాక్యం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని మళ్లీ బయటికి తేవడానికి తొందరలో ఉన్న మనిషి ఒక్కడు చాలు.