గంటకు ముప్పై ఎనిమిది సార్లు

“లే! మిర్చి ముంగట కూసొని ఎవలకన్న నిద్రొస్తదా?”

మా ఆయన వెంకట్రాజం ఆ మాట అన్నప్పుడు నా ఒళ్లో సగం తొడిమెలు తీసిన ఎండుమిరపకాయలు ఉన్నాయి. మరిపెడలో మా దుకాణం వెనక రేకుల షెడ్డు. కూలికి వచ్చిన ఆడవాళ్లు తుమ్ముతూ, దగ్గుతూ తొడిమెలు తీస్తుంటే, కూలి లేని నేను వాళ్ల మధ్య కూర్చుని నిద్రపోయాను.

“సావుకారమ్మకే కునుకు పట్టిందంటె నీ మిర్చిల ఘాటు లేనట్టే సావుకారీ,” అంది కట్టమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నలభై రెండేళ్లుగా నవ్వుతూనే ఉన్నాను.

మా అత్త నాకు పెట్టిన పేరు మొద్దునిద్ర. పప్పు ఏరుతూ కునికితే చెంబెడు నీళ్లు ముఖాన కొట్టేది. పెళ్లయిన మూడో ఏడు, “ఆడదానికి గురకేంది, ఇంటిల్లిపాదికి నిద్ర లేకుంటైంది” అని నా చాపను బస్తాల గదిలో వేయించింది. మా ఆయన అడ్డు చెప్పలేదు. ఆయనకూ గురకే, కానీ అది మగవాడి గురక, దానికి ఇంట్లో అందరూ అలవాటు పడ్డారు. నేను బద్ధకస్తురాలినని వాళ్లన్నారు. తెల్లారి నాలుగింటికి పగిలిపోయే తలతో లేచి, కల్లాపి చల్లి, ఇంటికీ దుకాణానికీ కలిపి పదిహేను మందికి వండుతూ కూడా నేనది నమ్మాను.

పోయిన నెల బీపీ తగ్గడం లేదని మానుకోట డాక్టరమ్మ ఆయనకు నిద్ర పరీక్ష రాసింది. చిన్న పెట్టె ఇంటికి ఇచ్చి పంపారు. ఛాతీకి పట్టీ, ముక్కుకు సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. ఒక్క రాత్రి పెట్టుకుని పడుకుంటే చాలట. ఆయన పట్టీని ఎత్తి చూసి నా ముందు పడేశాడు.

“నేనేమన్న ఎద్దునా కట్టేయనీకి? నువ్వు పెట్టుకో. నిద్ర ఎవలదైతేంది?”

ఆయన తల్లికి చేయాల్సిన సేవ నేను చేశాను. ఆయన మొక్కిన మొక్కులకు ఉపవాసాలు నేనున్నాను. ఇదీ అలాంటిదే అనుకుని పెట్టుకున్నాను.

తెల్లారి సర్దుతుంటే పెట్టెలో తెలుగు కాగితం ఒకటి కనిపించింది. నేను బడికి పోలేదు. దుకాణంలో పొట్లాలు కట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పటికీ చేతికొచ్చిన ముక్క చదవకుండా వదలను. గురక. పగలు ఆపుకోలేని మత్తు. లేవగానే తలనొప్పి. నోరెండిపోవడం. ఉక్కిరిబిక్కిరై మేలుకోవడం. ఎవరో బస్తాల గదిలో కూర్చుని నన్ను చూసి రాసినట్టుంది. గొంతు దారి మూసుకుపోయి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అని కింద ఉంది. జబ్బు అన్న మాట మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచాను. బద్ధకం అని ఎక్కడా లేదు.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. మొదటి కాన్పుకు చిల్పూరు పోయి ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమెదీ పెద్ద గురక. ఆగేది, మళ్లీ ఉలిక్కిపడి మొదలయ్యేది. ఒక రాత్రి ఆగింది. హమ్మయ్య, ఇక నిద్రపోవచ్చు అనుకుని అటు తిరిగాను. పొద్దున అందరూ, పుణ్యాత్మురాలు, నిద్రలోనే పోయింది అన్నారు. నలభై ఏళ్లు నేనూ అదే చెప్పుకున్నాను. కాగితం చదివాక మాత్రం చాప మీద వాలడానికి భయమైంది. బస్తాకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. కూర్చున్నా మత్తు వచ్చి మీద పడేది.

ఫలితం చెప్పే రోజు ఇద్దరం మానుకోట వెళ్లాం. డాక్టరమ్మ తెర మా వైపు తిప్పింది.

“ఇది ఊపిరి గీత. ఇక్కడ చూడుండ్రి, చదునైపోయింది. ఛాతీ ఎగుస్తనే ఉంది, గాలి మాత్రం లోపలికి పోతలేదు. గంటకు అయిదు సార్లు దాటితేనే జబ్బంటం. మీకు ముప్పై ఎనిమిది సార్లు. రక్తంల ఆక్సిజన్ డెబ్బై ఒకటికి పడ్డది.”

మా ఆయన ఒక్కసారి నా వైపు చూసి, చూపు గోడ మీది క్యాలెండరుకు తిప్పుకున్నాడు.

“ఒక రాత్రి ఇక్కడ పండుకోవాలె. ముక్కుకు గాలి మిషన్ పెట్టి, ఎంత గాలికి గొంతు తెరుచుకుంటదో చూస్తం. ఇట్లనే వదిలేస్తే గుండెకు ప్రమాదం.”

“వద్దు వద్దు,” అన్నాడు ఆయన. “నాకేం కాలేదు. గోలీలేవన్న రాయుండ్రి, చాలు.”

ఇక్కడ పడుకుంటే తన అబద్ధం బయటపడుతుందని ఆయనకు తెలుసు. ఆగుతున్నది నా ఊపిరి అని కూడా తెలుసు. ఈ రెండింటిలో దేన్ని కాపాడుకోవాలో ఆయన నా పక్కన కూర్చునే తేల్చుకున్నాడు. అందుకు ఆయనకు క్షణం కూడా పట్టలేదు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “మీరన్న చెప్పుండ్రమ్మా. పక్కల పండుకునేటోళ్లు, ఊపిరాగుడు ఎన్నడు చూడలేదా?”

ఆయన లేచి నిలబడ్డాడు. “దాన్నేం అడుగుతరు, అది మొద్దునిద్ర. లే, పోదాం.”

ఆ మాటకు నా కాళ్లు ఎప్పుడూ నా కంటే ముందే లేస్తాయి. ఇప్పుడూ మోకాళ్లు కదిలాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

“నేను ఈయన పక్కల పండుకోక ముప్పై తొమ్మిదేండ్లమ్మా,” అన్నాను. “ఆ పట్టీ కట్టుకున్నది నేను. ఆ గీతలు నావి.”

“సరోజనా!” అని అరిచాడు ఆయన. నేను తెర మీది చదును గీతనే చూస్తున్నాను.

“మా అమ్మ గురక ఆగితే నేను నిమ్మళంగ అటు మర్లి పండుకున్న. నాది ఆగింది మీరు చూసిండ్రు. నన్ను ఇంటికి తోలకుండ్రి.”