ఊడ్చిన సందుల పటం

ముందే చెబుతున్నాను, నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తు ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెడతాను. ఈ నాలుగు పేజీలకు పదకొండు రోజులు పట్టింది. చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టండి, తప్పులుంటే మన్నించండి.

ముప్పై ఒక్క ఏళ్లు నేను వీధులు ఊడ్చాను. పాత పేటలో పదకొండు సందులు నావి. పొద్దున్నే చెత్తబండి ముందు నడుస్తూ విజిల్ ఊదేదాన్ని కాబట్టి అక్కడ అందరికీ విజిలమ్మను. ఆ బండి తోసేది మా ఆయన. ఆయన పోయాక కూడా నాలుగేళ్లు ఊడ్చి, మోకాళ్లు మొరాయించాక మానేశాను.

మా కోడలిది పురపాలక ఆఫీసులో చిన్న ఉద్యోగం. రెండేళ్లు సెలవు పెట్టి పట్టణ ప్రణాళికలో పీజీకి చేరింది. రోడ్డు ఎక్కడ వేయాలో, నీళ్లు ఎటు పోవాలో నేర్పే చదువట.

"ఊళ్లు వాటంతటవే పెరుగుతాయి కదే, దానికి చదువెందుకు?" అన్నాను.

"వాటంతటవే పెరిగాయి కాబట్టే అత్తయ్యా, వానొస్తే మన మంచం కింద పడవలు తిరుగుతున్నాయి" అంది.

నాకు అక్షరాలు నేర్పింది కూడా తనే, సందుల పేర్ల బోర్డులు చదివించి.

ఒక ఆదివారం పొద్దున తను మంచం ఎత్తి గోడకు ఆనించి, ముందుగది నిండా ఒక కాగితం పరిచింది.

"ఇదేంటో చెప్పండి చూద్దాం."

"చిరిగిన చేపల వలలా ఉంది."

"మీ పేట అత్తయ్యా."

మోకాళ్లు నొప్పన్న సంగతి మరిచి నేల మీద కూర్చున్నాను. వేలు పెట్టి చదివాను. మె, ట్ల, సందు. పక్కనే బావి సందు. ముప్పై ఒక్క ఏళ్లు నడుం వంచి గజం గజం చూసిన నేల అది. పైనుంచి ఒక్కసారీ చూడలేదు. మెట్ల సందు నుంచి బావి సందుకు బండితో చుట్టూ తిరిగి వెళ్లడానికి మాకు అరగంట పట్టేది. కాగితం మీద ఆ రెండు సందులూ వీపులు ఆనించుకుని కూర్చున్నాయి, మధ్యలో ఒక్క గోడ గీత. పిట్టలకు తెలిసిన ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే అనుకున్నాను. ఒళ్లు జలదరించింది. మా ఆయన ఉంటే ఆ గీత చూసి ఎంత తిట్టేవాడో!

"ఈ పసుపేంటి?" అని అడిగాను.

"ఇళ్లకు పసుపు. దుకాణాలకు నీలం. ఏదైనా తయారుచేసే చోట్లకు ఊదా."

"మరి మెట్ల సందులో ఊదా ఏదీ?"

"అక్కడ అన్నీ ఇళ్లే. గడప గడపకీ వెళ్లి అడిగాను."

నవ్వాగలేదు. "కాగితాలు చంకన పెట్టుకుని వెళ్లి ఇంట్లో ఏం పని చేస్తారంటే ఎవరు చెబుతారే పిచ్చిమొహమా! పన్ను పెంచడానికి వచ్చావనుకుంటారు. ఆ సందులో సగం ఇళ్లల్లో మిషన్లు కుడతాయి. బావి సందు వెనక రంగులు అద్దుతారు."

తను నవ్వలేదు. "మీకెలా తెలుసు?"

"వాళ్ల చెత్త ఎత్తింది నేనే కదా."

అప్పుడు చెప్పింది తన కష్టం. ఆ పేటలో కాలువలు ఎందుకు పొంగుతున్నాయన్నదే తన థీసిస్. ఇళ్ల లెక్కకు మించిన నీళ్లూ చెత్తా వాటిలో పడుతున్నాయట. దాన్ని చూసే మాస్టారు నిలదీశారట. "ఉన్నవి ఇళ్లే అయితే కరెంటు ఫ్యాక్టరీలా ఎందుకు తాగుతున్నాయి? కారణం దొరికేదాకా పరీక్షకు రావద్దు" అన్నారట. పరీక్ష పద్దెనిమిది రోజుల్లో ఉంది. ఈసారి తప్పితే ఇంకో ఏడాది చదవాలి. ఆఫీసువాళ్లు సెలవు పొడిగించరు. అంటే చదువు వదిలేయడమే.

మర్నాటి నుంచి ఐదు రోజులు, పొద్దున్నే చెత్తబండి రాకముందే ఇద్దరం పేటకు వెళ్లాం. గుమ్మాల ముందున్నవి నేను చెబుతుంటే తను రాసుకుంది. చంక దగ్గర కత్తిరించిన గుడ్డ ముక్కలుంటే చొక్కాలు కుట్టే ఇల్లు. సన్నటి తోలు చీలికలుంటే చెప్పులు. తూము నోట్లో నీలం నురగ ఉంటే రంగుల పని.

పదిహేడో నంబరు గుమ్మంలోంచి మిషనావిడ తల బయట పెట్టింది. "విజిలమ్మా! మళ్లీ డ్యూటీలో చేరావా? కోడలు తిండి పెట్టట్లేదా?"

"పెడుతోంది తల్లీ, అరగడానికి తిప్పుతోంది."

ఆవిడ నవ్వి తలుపు బార్లా తీసి, లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. గోడవారగా మూడు మిషన్లు. కోడలు చూసింది, నేనూ చూశాను.

వారానికి పటం మారిపోయింది. నూట నలభై మూడు ఇళ్లు ఊదారంగులో మెరుస్తున్నాయి, ఒక్కోదాని మీద నంబరు. నిద్రపోతోందనుకున్న పేట లేచి కూర్చున్నట్టుంది. ఆ కాగితంలోంచి మిషన్ల చప్పుడు వినిపిస్తుందేమో అనిపించింది. ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత నా వేలు పదిహేడు మీద ఆగింది.

"ఈ కాగితం ఎవరెవరు చూస్తారమ్మాయ్?"

"కాలేజీ లైబ్రరీలో ఒకటుంటుంది. మా ఆఫీసుకొకటి వెళ్తుంది."

పన్ను వేసేదీ ఆ ఆఫీసే. "నన్ను చూసే కదే ఆవిడ తలుపు తీసింది!"

కోడలి మొహం పాలిపోయింది. పటం వైపు చూసి అంది, "ఇళ్ల నంబర్లు తీసేస్తే రుజువేది అత్తయ్యా? నన్ను తప్పిస్తారు."

చదువు పోతే పోనీ అనే ధైర్యం నాకు లేదు. ఆ ఇళ్లవాళ్లు ఏమైపోతే మనకేం అనే నోరూ లేదు. ఇద్దరం పటాన్ని మధ్యలో పెట్టుకుని రెండు గోడలకు ఆనుకుని కూర్చున్నాం. అన్నం చల్లారిపోయింది.

చివరికి తనే అడిగింది. "మీరు ఏ ఇంటి చెత్త ఎంతో ఎలా చెప్పేవారు, మీ మీదున్న మేస్త్రీకి?"

"ఇంటింటికీ ఎవరు చెబుతారు? సందుకు ఇన్ని బండ్లని చెప్పేవాళ్లం. మెట్ల సందుకు రెండు. బావి సందుకు ఒకటిన్నర. బడి సందుకు పావు బండి కూడా నిండదు."

తను లేచి నిలబడింది. "మళ్లీ చెప్పండి!"

పదకొండు సందులూ చెప్పాను. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయో లేదో ఇప్పటి బండివాడితో మూడు రోజులు తిరిగి సరిచూసుకుంది. ఇళ్లన్నీ మళ్లీ పసుపైపోయాయి. ఈసారి రంగు సందులకు పడింది. బండ్లు ఎక్కువైతే గీత లావు, తక్కువైతే సన్నం.

పరీక్ష రోజున నన్నూ తీసుకెళ్లింది. అంత పెద్ద హాల్లో నేను ఊడవడానికి కూడా అడుగుపెట్టింది లేదు. నాలుగు గోడలూ పటాలే. ఎవరో పిల్ల నది మొత్తం గీసింది. ఎవరో పిల్లాడు ఇంకా పుట్టని ఊరు గీశాడు. పిల్లలు ఊళ్లను ఇలా ఎదురుగా నిలబెట్టి మాట్లాడతారా అని నోరు తెరుచుకుని వెనక బెంచీలో కూర్చున్నాను.

పరీక్ష చేయడానికి బయటినుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కోడలి పటం చూసి, "పని జరిగే ఇళ్లేవో చూపించండి" అంది.

"చూపించను మేడమ్. కాలువ సందుకు వేస్తాం, ఇంటికి కాదు. సందు తెలిస్తే చాలు."

మాస్టారు కుర్చీలో కదిలారు.

పెద్దావిడ లేచింది. బండ్ల పటం తీసింది, పక్కనే ఉన్న, ఏ సందు ఎంత కరెంటు తాగుతుందో చూపే పటం తీసింది. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించింది. ఎండ వెనకనుంచి పడింది. లావు గీత మీద లావు గీత, సన్నం మీద సన్నం, పదకొండు సందులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మా ఆయన తోసిన బండి, వాళ్ల మీటర్లు తిరిగిన లెక్క, రెండూ ఒకటే దారి.

"ఈ బండ్ల లెక్క ఎవరిది?" అంది ఆవిడ.

కోడలు నా వైపు చూసింది. బెంచీ పట్టుకుని లేచాను.

"ఎలా గుర్తుందమ్మా ఇన్నేళ్లు?"

"మా ఆయన ఏ సందులో ఎన్నిసార్లు ఆగి ఊపిరి పీల్చుకునేవాడో గుర్తుందమ్మా."

ఆవిడ పటాన్ని బల్ల మీద పరిచింది. "ఇది నిలుస్తుంది. ఒక్క లోపం ఉంది. సమాచారం ఎవరిచ్చారో కింద గడిలో రాయాలి, అది ఖాళీగా ఉంది."

కోడలు పెన్ను నా చేతికిచ్చింది. "మీకోసమే వదిలేశాను అత్తయ్యా."

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాను. అంతమంది చదువుకున్నవాళ్లు చుట్టూ నిలబడి, నేను రాసేదాకా ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. గడి చాలక చివరి మాట గీత దాటింది. ఆ గడిలో రాసినదే ఇక్కడా రాస్తున్నాను.

విజిలమ్మ. వయసు అరవై రెండు. ఇప్పుడు ఉండేది కొడుకూ కోడలి దగ్గర, నీళ్లట్యాంకు వెనక వీధి, కింది వాటా.