ముప్పై మీటర్ల హద్దు

ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలు. ఏడుంపావుకి హాజరు మూసుకుంటుంది. కోకాపేటలో రెండు అద్దాల టవర్ల మధ్య, బేస్‌మెంట్ ర్యాంపు మీద నిలబడి ఈరమ్మ తన ఫోన్‌ని ఆకాశానికి చూపిస్తోంది. ఆమె అక్కడ నేలలు కడుగుతుంది. పక్కన నేను, ఆ హాజరు యాప్ రాసిన ఘనుణ్ణి.

"మళ్ల ఎర్రగనే వచ్చింది సారు," అంది.

'మీరు పనిచేసే చోట లేరు' అని చూపిస్తోంది. మ్యాపులో ఆమె చుక్క రోడ్డు దాటి అవతలి బిల్డింగులో కూర్చుంది. మూడు రోజులు వరసగా ఇలా వస్తే పేరు దానంతటదే జాబితాలోంచి పోతుంది. ఆ నియమం ఈ పనివాళ్లని పెట్టిన ఏజెన్సీవాళ్లు అడిగారు, నేను రాశాను. ఈరమ్మకి ఇది మూడో రోజు.

యాప్‌ని మణికొండలో మా డాబా మీద పరీక్షించాను. నాలుగు మీటర్లకి మించి తేడా రాలేదు. ఆ మురిపెంలో పనిచోటు చుట్టూ హద్దు ముప్పై మీటర్లు చాలన్నాను. అద్దాల గోడలకి తగిలితే సిగ్నల్ దారి తప్పుతుందని తెలియనివాణ్ణేం కాదు. ఇక్కణ్ణుంచి రెండు ఫిర్యాదులొస్తే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఫోన్లు రీస్టార్ట్ చేయమన్నాను. మూడోది వచ్చాక భయం పట్టుకుని పరుగెత్తుకొచ్చాను.

ర్యాంపు గోడ మీద ఇంకో ఆరు ఫోన్లు అప్పడాల్లా ఆరబెట్టి ఉన్నాయి.

"జర ఎండ తగిలితే హాజరు పడ్తదేమోనని కింద పనిచేసేటోళ్లు పెట్టిన్రు," అంది ఈరమ్మ. "అయిదింటికి లేసిన సారు. కింద సగం కడిగొచ్చిన గూడ. ఇగ రేపు రావద్దా నేను?"

హద్దు మార్చాలంటే మా మేనేజర్ ఒప్పుకోవాలి. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఏడూ పది.

ఏజెన్సీ సూపర్‌వైజర్ సాయిలు వచ్చాడు.

"ఈమె ఇక్కడే ఉంది కదండీ, మీరే చూస్తున్నారు," అన్నాను.

"నేను చూస్తే ఏమైతది సార్? మనిషి కండ్లు అబద్ధం చెప్తయి, యాప్ చెప్పదని ట్రైనింగ్ల మీరే చెప్పిన్రు."

చెప్పాను. ఆ మాటకి చప్పట్లు కూడా పడ్డాయి.

"పాత రిజిస్టర్ ఉన్నది," అన్నాడు సాయిలు. "యాప్ తప్పని మీరు రాసి సంతకం పెడితే పేరు ఆపుత. కానీ ఆ కాయితం మా పెద్దసార్లకు పంపాలె."

పంపితే ఏజెన్సీ మా కంపెనీ చేయి జారిపోతుంది. ఏజెన్సీ పోతే ముందు పోయేది నేనే. ఏడూ పన్నెండు. ఈరమ్మ ఇంకా ఫోన్ పైకెత్తే ఉంది.

"తెండి," అన్నాను.

సాయిలు తెచ్చిన రిజిస్టర్లో రాశాను: 'యాప్ తప్పు చూపిస్తోంది. ఈరమ్మ ఏడూ పద్నాలుగుకి ఇక్కడే ఉంది. చూసినవాడు: యాప్ రాసిన ఆదర్శ్.' సంతకం వంకరగా పడింది. పైకి పంపడానికి సాయిలు ఆ పేజీ ఫోటో తీయబోయాడు.

"మీ నౌకరికేమన్న అయితదా సారు?" అని అడిగింది ఈరమ్మ.

"అవుతుందేమోనమ్మా."

ఆమె సాయిలు చేతిని పక్కకి జరిపి, రిజిస్టరు మళ్లీ నా ముందు పెట్టింది. గోడ మీది ఆరు ఫోన్లవైపు చూపించింది.

"నిండ మునిగినోనికి సలేంది సారు? వాళ్లయి గూడ రాయుండ్రి. రేపు వాళ్లకు మూడో దినం."

కళ్యాణి, గంగమ్మ అంటూ ఆమె పేర్లు చెబుతుంటే, రాస్తూ పోయాను.